ఎర్ర గీత పడని పేరు

ఆ కాగితాల్లో తన పేరు ఏడుచోట్ల ఉంది.

దెబోరా మూడోసారి కూడా వేలు పెట్టి వెతికింది. ఏడే. ఇంగ్లీషులో ఆమె చప్పున చదవగలిగేవి వార్డు చీటీల మీది మందుల పేర్లూ, మనుషుల పేర్లూ. అంతకుమించి పదో తరగతి తప్పిన చదువు సాయం రాదు. అరవై పేజీల టైపు కట్టలో తక్కిన అక్షరాలన్నీ కంటికి ఆనకుండా జారిపోతుంటే, తన పేరొక్కటీ పోలీసు పిలిచినట్టు పిలుస్తోంది.

ఇవాళ శుక్రవారం; మస్కట్‌లో సెలవూ చర్చీ ఆ రోజే. చర్చి నుంచి వచ్చి పావుగంట కాలేదు. దుప్పటి మారుద్దామని కూతురి పరుపు ఎత్తింది. పరుపు కింద ఈ కట్ట. కవరు మీద ఆస్ట్రేలియా తపాలా బిళ్ళలు.

"అబిగైల్."

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"అబిగైల్, బయటికి రా."

తల తుడుచుకుంటూ వచ్చిన పిల్ల మంచం మీది కాగితాలు చూసి అక్కడే నిలబడిపోయింది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఊళ్ళో అజైబా వైపు ఒక కంపెనీ ఆఫీసులో టైపిస్టు. టెలెక్సులూ ఫాక్సులూ చూసే పిల్లకి ఇంట్లో పరుపు కింద ఏం దాచకూడదో తెలియలేదు.

"ఎవరు పంపించారే ఇది?"

"హెదర్ ఆంటీ. నిన్న మా ఆఫీసు బాక్సుకి వచ్చింది."

"ఇందులో నా పేరెందుకుంది?"

"అది వాళ్ళ సంఘం హిస్టరీ అమ్మా. ఇరవయ్యేళ్ళయిందని పుస్తకం వేస్తున్నారు. అడిలైడ్‌లో ఇళ్ళల్లో కుట్టుపని చేసే ఆడవాళ్ళ సంఘం. ఆంటీ అందులోనే కదా ఉంది."

"ఆళ్ళ సంఘం చరిత్రలో నేనెందుకే? నేనెప్పుడన్నా ఆస్ట్రేలియా వెళ్ళానా? ఆళ్ళకి గుండీ కుట్టి పెట్టానా?"

అబిగైల్ నవ్వు ఆపుకుంది. అది చూసి దెబోరాకి ఒళ్ళు మండింది, ఆ వెంటనే చల్లబడింది. ఈ పిల్లకి భయం లేదు. భయం లేని పిల్లల్ని కన్నవాళ్ళు రెండింతలు భయపడాలి.

హెదర్ ఈ ఊళ్ళో మూడేళ్ళు నర్సులకి పాఠాలు చెప్పింది. దెబోరా ఆయాగా ఉన్న వార్డులోనే. శుక్రవారాలు వీళ్ళ స్త్రీల మైత్రి ప్రార్థన కూటానికి వచ్చి, తెలుగు రాకపోయినా చివరిదాకా కూర్చునేది. పనిచేసే ఇళ్ళ నుంచి పారిపోయి వచ్చిన ఆడపిల్లలకి తిరుగు టిక్కెట్టు కావాలంటే హెదర్ తన ఊరికి ఉత్తరం రాసేది. ఆ సంఘం ఆడవాళ్ళు టిక్కెట్టు పంపేవాళ్ళు. పదకొండు మంది అలా ఇళ్ళు చేరారు. పారిపోయిన పనిమనిషిని దాచడం ఇక్కడ నేరం; ఆ మాట చర్చిలో కూడా గట్టిగా అనుకోరు.

"ఈ పదకొండు మంది సంగతి ఆవిడకి గుర్తుండి రాసిందా?"

"గుర్తుండి కాదు." అబిగైల్ తువ్వాలు మడతపెట్టింది. విప్పి మళ్ళీ మడతపెట్టింది. "మన పుస్తకం చూసి."

"ఏ పుస్తకం?"

దెబోరా చూపు హాల్లో ఫ్రిజ్జు మీదికి వెళ్ళింది. బైబిలు కింద నీలం అట్ట పుస్తకం, ప్రార్థన మనవుల పుస్తకం, ఎప్పటిలాగే ఉంది.

"అదక్కడే ఉందిగా."

"ఎండాకాలంలో ఒక్కరోజు తీసుకెళ్ళా. ఆఫీసులో జిరాక్స్ తీసి, ఇంగ్లీషులో రాసి ఆంటీకి పంపించా. సాయంత్రానికి మళ్ళీ పెట్టేశా."

దెబోరా మంచం అంచున కూర్చుంది.

ఆ పుస్తకం ఆమె చేతిరాత. మైత్రికి ఏడేళ్ళుగా ఆమే కార్యదర్శి. ప్రతి శుక్రవారం నాలుగింటికి పదిపన్నెండు మంది సిస్టర్లు ఈ హాల్లో చాప మీద కూర్చుని ఒక్కొక్కరూ తమ మనవి చెబుతారు. జ్వరాలు, పరీక్షలు, వీసాలు. తేదీ వేసి రాసుకుంటుంది. జవాబు దొరికిన మనవి కింద ఎర్ర గీత కొట్టి, ఎలా దొరికిందో రాయాలి. పాలకొల్లులో వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. సాక్ష్యం పోగొట్టుకోకూడదు.

ఆ పద్ధతి ప్రకారమే రాసింది. ఫలానా సోదరి యజమాని ఇంటినుండి వచ్చినది. ఫలానా సిస్టరు రూములో, రెండో అంతస్తు, ఆరు దినములు ఉంచితిమి. ఆస్ట్రేలియా సహోదరీలు టిక్కెట్టు పంపిరి. క్షేమముగా ఇల్లు చేరినది. స్తోత్రము.

దేవుడికి రూము నంబర్లు అక్కర్లేదని దెబోరాకి ఇప్పుడు తట్టింది.

"ఎంతమంది బతుకులే అవి? ఇక్కడ నలుగురు ఆడాళ్ళు కలిసి టీ తాగాలన్నా పర్మిషన్ ఉందా అని చూసుకుంటాం. ఆ కాగితాలు ఎవడి చేతిలోనైనా పడితే? వీసా కొట్టేస్తారు. మీ నాన్నని డ్యూటీలోంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి తీసుకుపోతారు. బట్టలు సర్దుకోనిస్తారనుకున్నావా?"

"అమ్మా, అడిలైడ్‌లో మూడొందల కాపీలు. అంతే."

"మూడొందలు ఎందుకే, ఒక్కటి చాలదా? ఎవరో ఒకావిడ సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడ దిగితే చాలదా?"

"ఇక్కడున్నవాళ్ళ పేర్లన్నీ మార్చేశారు. రూములూ లేవు. ఊళ్ళకెళ్ళిపోయిన వాళ్ళకి ఉత్తరాలు రాసి అడిగాం. అసలు పేర్లు మూడే ఉంచారు. నీదీ, మహబూబక్కదీ, వాళ్ళ అక్క కుల్సుమ్ గారిదీ. మహబూబక్క ఫారం మీద సంతకం పెట్టింది, పేరు వేసుకోవచ్చని."

"నా ఫారం ఎవరు పెట్టారు?"

వీధిలో వాటర్ ట్యాంకరు వెనక్కి వస్తున్న చప్పుడు.

"నువ్వు ఒప్పుకోవని తెలుసు."

"నా సంతకం నువ్వు పెట్టావు."

"ఏడేళ్ళు రాశావమ్మా. రాసినావిడ పేరు లేకపోతే ఎట్లా? హెదర్ ఆంటీ ఏమందో తెలుసా, వాళ్ళ సంఘంలో మొదటి మీటింగుకి ఎవరెవరు వచ్చారో..."

"మీ నాన్న పేరు ఎందుకుంది?"

"నాన్న పేరు లేదు."

"ఉంది. వెనకాల. ఒకే పేజీలో రెండుసార్లు. నాకు ఆపాటి చదవడం వచ్చు."

అబిగైల్ మొహంలో ధీమా మొదటిసారి చెదిరింది. "నేను రెండు ఛాప్టర్లే చదివా. నాన్న గురించి నేనేం పంపలేదు. ఏదీ, ఇటివ్వు."

ఆ సమయానికే తలుపు తాళం తిరిగింది. గురవయ్య ఒక చేతిలో వేడి ఖుబ్బూస్ రొట్టెల పొట్లం, ఇంకో చేతిలో చేపల సంచీతో లోపలికి వచ్చాడు. హాస్పిటల్ స్టోర్ కీపరు. ఏ వస్తువైనా పెట్టిన చోటు మారితే ఇల్లు పీకి పందిరేసే మనిషి.

దెబోరా ఆయనకి అంతా చెప్పింది. నిలబెట్టి, చేపల సంచీ చేతిలోంచి తీసుకోకుండానే చెప్పింది. జిరాక్సు, సంతకం, మూడొందల కాపీలు. ఉరుము కోసం ఎదురు చూసింది.

ఆయన సంచీ సింకులో పెట్టి చేతులు కడుక్కున్నాడు. "ఎప్పుడు ప్రెస్సుకి పంపుతారంటా?"

"రేపు సాయంత్రంలోగా మనం ఫాక్స్ ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే అని రాశారు," అంది అబిగైల్ నేలచూపులతో.

"అయితే రేపటిదాకా ఉందిగా. అన్నం పెట్టు దెబోరా."

అంతే అన్నాడు.

దెబోరాకి అప్పుడు వేసింది అసలు భయం. కూరలో ఉప్పు తగ్గితే గిన్నె తోసేసే మనిషి ఇంత పెద్ద సంగతి విని అన్నం పెట్టమన్నాడంటే, ఆయనకి ఏదో జబ్బు చేసి ఉండాలి. లేదా ఉద్యోగం ఈపాటికే పోయి ఉండాలి. లేదా ఈ కబురు ఆయనకి కొత్తది కాదు.

*

తిన్నారు. ఎవరు ఎంత తిన్నారో ఎవరూ చూడలేదు. పళ్ళేలు తీయకముందే దెబోరా కట్ట తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"చదువు. మొదట్నించీ. తెలుగులో చెప్పు. ఏది కొట్టేయించాలో నాకు తెలియాలి."

అబిగైల్ చదివింది. ఒక్కో వాక్యం చూసుకుని, తెలుగులోకి తిప్పుకుంటూ.

డెబ్బై మూడులో మొదలయిందట సంఘం. ఒక గ్రీకు ఆవిడ వంటింట్లో ఏడుగురు. కుర్చీలు చాలక ఒకావిడ ఇస్త్రీ బల్ల మీద కూర్చుంటే అది విరిగింది. కంపెనీలవాళ్ళు కట్టలకొద్దీ బట్ట ఇళ్ళకే తెచ్చి పడేసేవాళ్ళు, చొక్కాకి ఇంత అని ఇచ్చేవాళ్ళు. ఎవరికెంత ఇస్తున్నారో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడమే ఆ రోజు చేసిన పని. ఏడుగురిలో ఎవరికీ ఇంగ్లీషు రాయడం రాదు. ఇటలీ నుంచి వచ్చిన ఒకావిడకి తన భాషలో రాయడం వచ్చు. అందుకని మొదటి మూడేళ్ళ మీటింగు మినిట్సు ఇటాలియన్‌లోనే ఉన్నాయి.

"ఏడుగురి పేర్లూ వేశారా?"

"వేశారు. ఇస్త్రీ బల్ల విరగ్గొట్టినావిడ పేరు కూడా."

దెబోరాకి తెలియకుండానే పెదవి కదిలింది. సర్దుకుంది. "తర్వాత."

డెబ్బై ఎనిమిదిలో చీలిపోయారు. పెద్ద యూనియన్లో కలుద్దామని సగం మంది, మన వంటిల్లు మనదే అని సగం మంది. టైపు మిషను ఒకళ్ళు పట్టుకెళితే రిబ్బన్లు ఇంకొకళ్ళు దాచేశారు. ఏడాదిన్నర మాటల్లేవు. ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో కూడా ఉంది.

"ఇయ్యన్నీ ఎవరన్నా పుస్తకంలో వేసుకుంటారా? మన మైత్రిలో గొడవలు రాస్తే ఎట్టుంటది?"

"వాళ్ళు వేసుకుంటారు. అదే అంటుంది ఆంటీ. మంచివి మాత్రమే రాస్తే అది శుభలేఖ, చరిత్ర కాదని."

ఏడో అధ్యాయంలో మస్కట్. అబిగైల్ గొంతు మెత్తబడింది. ఎక్కడో ఎడారి పక్క ఊళ్ళో, దెబోరా అనే ఆయా, డ్యూటీ దిగి వచ్చి ప్రతి శుక్రవారం పేర్లు రాసుకునేది. ఆమె ఏ మనవినీ చిన్నదని అనుకోలేదు. జవాబు దొరకని పేరుని ఏ వారమూ చదవకుండా వదల్లేదు. మా సంఘం ఎంతమందికి సాయపడిందో మాకే లెక్క లేని రోజుల్లో, లెక్క ఆమె దగ్గర ఉంది.

దెబోరా కొంగు వేలికి చుట్టుకుంది. ఆమె గురించి ఎవరైనా ఏదైనా రాయడం పెళ్ళి రిజిస్టరు తర్వాత ఇదే. వినడానికి బాగుంది. బాగున్నందుకు ఇంకా భయం వేసింది.

"బానే ఉంది. అయినా తీసేయమను. ఆయా అని ఉంచమను, పేరొద్దు. మహబూబీది కూడా వద్దు. కుల్సుమ్..."

ఆగింది. కుల్సుమ్ పేరు తీయించాలంటే నోరు రాలేదు.

ఐదేళ్ళ కిందట, ఎనభై ఎనిమిదిలో, చేతి మీద ఇస్త్రీపెట్టె మచ్చతో హాస్పిటల్ వెనక గేటు దగ్గర కూర్చుని ఉన్న కడప జిల్లా పిల్ల. ఆ వారం ఏ సిస్టరు రూములోనూ చోటు లేదు. గురవయ్య చేతి కింద ఉన్న దుప్పట్ల స్టోర్లో నాలుగు రోజులు ఉంచారు. ఆ సంగతి భార్యాభర్తలకి తప్ప మూడో మనిషికి తెలియదు. అందుకే పుస్తకంలో కూడా రాయలేదు. ఐదో రోజు పొద్దున గురవయ్య వచ్చి, చూసేసరికి లేదు, తనంతట తనే వెళ్ళిపోయింది అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఆమె పనిచేసిన ఇంటివాళ్ళు దూరాన ఇబ్రి అనే ఊరికి వెళ్ళిపోయారని మాత్రం తెలిసింది.

పుస్తకంలో ఎర్ర గీత పడని పేర్లలో అదే పాతది. శుక్రవారం శుక్రవారం అదే మొదట చదవాలి.

"నాన్న పేరు ఎక్కడన్నావు?" అంటూ అబిగైల్ పేజీలు తిప్పుతోంది.

"తొమ్మిదోది చదవమ్మా," అన్నాడు గురవయ్య.

ఇద్దరూ తలెత్తారు. ఆయన బెడ్‌రూము గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తొమ్మిదో అధ్యాయం. ఆఖరున ఉంటది."

"మీరెప్పుడు చూశారు ఇది?" అంది దెబోరా.

"చూళ్ళేదు. ఎక్కడ వేస్తారో ఆళ్ళు నాకు రాశారు."

అబిగైల్ తొమ్మిదోది తీసింది. దాని పేరు, మేము ఎవరిని వదిలేశాం. డెబ్బై తొమ్మిదిలో ఒక వియత్నాం అమ్మాయి ఫిర్యాదు చెప్పుకోడానికి వచ్చింది. తనకి డబ్బు ఎగ్గొట్టిన కొట్టు సంఘంలో ఒకావిడ అన్నయ్యదే. ఇంకెక్కడికైనా పొమ్మన్నారు. మినిట్సులో రాయొద్దనుకున్నారు. ఆ మాట అన్న ముగ్గురి పేర్లూ ఇక్కడ ఉన్నాయి. ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళే రాయించారు.

"ఆళ్ళంతట ఆళ్ళే?"

"ఔను. తర్వాత ఇలా ఉంది, మాతో కలిసి పనిచేసిన వేరే దేశాల వాళ్ళని కూడా ఉత్తరం రాసి అడిగాం. ఇలాంటిది మీకూ ఉంటే పంపండి అని. ఒక్క ఉత్తరం వచ్చింది. మస్కట్ నుంచి." అబిగైల్ తర్వాతి వాక్యం మీద ఆగిపోయింది. కళ్ళు మాత్రం కిందికి పోతున్నాయి.

"చదవవే."

"అమ్మా, ఇది నేను పంపింది కాదు."

"చదువు."

పిల్ల చదివింది. స్కూల్లో టీచరు నిలబెట్టి చదివించినట్టు, ఎత్తూ పల్లం లేకుండా.

"నా పేరు గురవయ్య. హాస్పిటల్ స్టోరు తాళంచెవి నా దగ్గర ఉండేది. కుల్సుమ్ అక్కడ నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు పొద్దున ఆమె యజమాని ఇంటికి ఫోన్ చేసింది నేనే. గంటలో కారు వచ్చింది. కుల్సుమ్ నన్నేమీ అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళి ఎక్కింది. ఆమె తనంతట తనే వెళ్ళిపోయిందని నా భార్యతో చెప్పాను. నా పేరు మార్చకుండా వేయండి. గురవయ్య."

దెబోరా లేచి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. చేపముళ్ళు ఒక పళ్ళెంలోకి తీసింది. వంటింటి దాకా వెళ్ళి, పెట్టకుండా మళ్ళీ తెచ్చి బల్ల మీదే పెట్టింది.

"ఐదేళ్ళు," అంది. "ప్రతి శుక్రవారం నేనిక్కడ ఆ పేరు చదివాను. మీరు లోపల పేపరు చూసుకుంటూ విన్నారు."

"పేపరు చూసేవాణ్ణి కాదు."

"చెప్పకుండా పోయిందని దాన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. అన్నం పెట్టిన చేతికి ఒక మాటన్నా చెప్పలేదని. మీరు విన్నారు అది కూడా."

"విన్నాను."

"ఎందుకు చేశారండి?"

గురవయ్య కూతురి వైపు చూశాడు. పిల్ల వెళ్ళిపోవాలని ఆయన కోరుకుంటున్నట్టు తెలుస్తోంది. పిల్ల కదల్లేదు.

"స్టోరు చెకింగ్ అన్నారు ఆ రోజు."

"ఒక్కపూటకి ఇంకో చోటుకి మార్చలేకపోయారా?"

"మార్చొచ్చు."

"మరి?"

"నువ్వు నిద్రపోలేదు ఆ నాలుగు రోజులూ," అన్నాడాయన. గొంతులో నిందేమీ లేదు. అందువల్లే అది వినడం కష్టమయింది. "పట్టుకుంటే మనమేమయిపోవాలి, పిల్ల చదువేమయిపోవాలి, దీన్ని ఎవరికి అప్పజెప్పి జైలుకెళ్ళాలి. బాత్రూముకెళ్ళి వచ్చినా అదే మాట. డ్యూటీకి ఫోన్ చేసి కూడా అదే మాట. ఐదో రోజు పొద్దున నువ్వు టీ ఇస్తూ ఏమన్నావో గుర్తుందా?"

దెబోరాకి గుర్తు లేదు. ఏదో అనే ఉంటుంది. ఆమె ఏదో ఒకటి అనని పొద్దు ఆ ఇంట్లో ఎప్పుడు తెల్లవారింది?

"ఎట్టాగైనా ఈ గండం గట్టెక్కించండి, ఎట్టాగన్నది నాకు చెప్పొద్దు అన్నావు."

దెబోరా జీవితంలో ఎన్నో రకాలుగా చెడు జరుగుతుందని ఊహించింది. ఆ ఊహల్లోంచే చెడు పుడుతుందని ఒక్కసారీ ఊహించలేదు.

"నీ మీద పెట్టడానికి చెప్పలేదు. ఫోన్ తిప్పింది నా వేలు. అందుకే నీ పేరు అందులో రాయలేదు."

"నేను ఆఫీసుకెళ్తా," అంది అబిగైల్ హఠాత్తుగా. "తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడే ఫాక్స్ కొడతా. ఆ పేజీ తీసేయమంటా."

"వద్దమ్మా."

"వద్దంటే ఎట్లా నాన్నా? ఎవరైనా చూస్తే? ఉద్యోగం పోతది. మిమ్మల్ని తీసుకుపోతే మేమేమైపోవాలి? బట్టలు కూడా సర్దుకోనివ్వరు."

దెబోరా కూతురి మొహం చూసింది. ఆ కళ్ళు, ఆ వణుకు, ఆ మాటలు, అన్నీ తనవే. పొద్దున్నే భయం లేదని బెంగపడ్డ పిల్ల ఒక్క పూటలో నేర్చేసుకుంది.

కాలింగ్ బెల్ మోగింది. టైము మూడున్నర. అందరికంటే ముందొచ్చి టీ కాచేది ఒక్కరే. కుల్సుమ్ చెల్లెలు.

*

అక్క కబురు లేదని రెండేళ్ళ తర్వాత ఇంటిపని వీసా మీదే వచ్చింది మహబూబీ. వెతకడానికి ఇంకో దారి దొరకలేదు. ఇప్పుడు వీళ్ళుండే దార్సైట్‌లోనే ఒక డాక్టరమ్మ ఇంట్లో పని. శుక్రవారం మధ్యాహ్నం సెలవు. ప్రార్థనలో కూర్చోదు, వంటింట్లో ఉండి వింటుంది. మొదటి పేరు చదివేటప్పుడు మాత్రం గుమ్మంలోకి వస్తుంది.

"ఏందక్కా, ముగ్గురూ అట్ల నిలబడుకోనుండారు? కరెంటు పాయనా ఏమి?"

ఎవరూ నవ్వలేదు. ఆమె పట్టించుకోలేదు. బురఖా తీసి మేకుకి తగిలించి, వంటింట్లో గిన్నె పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"కాయితాలు వచ్చినాయంట గదా. అబిగైలు పాప నిన్న ఫోన్లో చెప్పె. మా ఆపా పేరు యాడుందో చూపీ పాపా."

అబిగైల్ కట్టని ఒళ్ళోకి లాక్కుంది. "అది ఇంకా... తప్పులు దిద్దాలక్కా. తర్వాత చూపిస్తా."

"తప్పులుంటే ఉండనీలే. పేరు ఒగటి చూస్తా. మా యమ్మకి రాయల్ల. నీ పెద్దబిడ్డ పేరు పుస్తకంలో పడింది, యాడా లేకుండా పోలేదు అని రాయల్ల."

దెబోరా చెయ్యి చాపింది. అబిగైల్ ఇవ్వలేదు. దెబోరా చెయ్యి అలాగే ఉంచింది. చివరికి పిల్ల ఇచ్చింది.

తొమ్మిదో అధ్యాయం. మహబూబీ వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టింది దెబోరా. వేలు నీళ్ళ తడితో ఉంది. కాగితం మీద చిన్న మరక పడింది.

"ఇదా?"

"ఇదే."

"మూడు అచ్చరాలకి ఎంత పొడుగు రాసినారో చూడు ఇంగిలీసోళ్ళు." మహబూబీ వేలు తీయలేదు. కింది వరసలు చూసి, "ఇంత రాసినారే కింద. ఏమని రాసినారక్కా మా ఆపా గురించి?"

గురవయ్య బెడ్‌రూములోకి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకోలేదు.

బయట మెట్ల మీద సిస్టర్ల మాటలు, చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఒకావిడ ఎవరి లీవు గురించో నవ్వుతోంది. చాప పరవాలి. నీలం పుస్తకం తీయాలి. ఇప్పుడు ఒక్క అబద్ధం చెబితే చాలు. మంచిగా రాశారు మహబూబీ అంటే చాలు. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఈలోగా అబిగైల్ ఆఫీసుకెళ్ళి వస్తుంది. రేపు సాయంత్రానికి ఆ పేజీ ఉండదు. ఉద్యోగం ఉంటుంది, వీసా ఉంటుంది, పిల్ల ఉంటుంది. ఎట్టాగన్నది ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ మాట తన లోపల వినబడగానే దెబోరా కూతురి వైపు తిరిగింది.

"అబిగైల్, కూర్చో."

"అమ్మా, నేను వెళ్ళాలి."

"కూర్చోమన్నాను."

సిస్టర్లు లోపలికి వచ్చారు. చాప పరుచుకుని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, మెల్లగా కూర్చున్నారు. మహబూబీ టీ ట్రే తెచ్చి మధ్యలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళబోయింది.

"నువ్వూ కూర్చో మహబూబీ. ఇక్కడ, నా పక్కన."

"నేనేమిటికక్కా ఈడ?"

"మీ అక్క గురించి రాసింది అబిగైల్ చదువుతది. అది అచ్చు వేయాలో వద్దో రేపు సాయంత్రంలోగా మనం చెప్పాలి. విన్నాక నువ్వు చెప్పు. నువ్వేమంటే అదే ఫాక్స్ చేస్తాం."

"అమ్మా, ప్లీజ్," అంది అబిగైల్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలుగులో చదువు. ఒక్క మాట కూడా వదలకు. పేర్లతో సహా."

పిల్ల కట్ట అందుకుంది. దెబోరా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు బెడ్‌రూములోంచి గురవయ్య వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కుర్చీ. ఏడేళ్ళలో ఆ కూటంలోకి ఒక్క మగమనిషి రాలేదు. సిస్టర్లు తత్తరపడి కొంగులు సర్దుకున్నారు. ఆయన ఎవరినీ చూడకుండా కుర్చీని మహబూబీకి ఎదురుగా వేసి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మహబూబీ ఆయన్ని ఒకసారి, దెబోరాని ఒకసారి చూసింది. ఏమీ అర్థం కాక, ట్రేలోంచి ఒక కప్పు తీసి రెండు చేతులతో ఆయన ముందుకి చాపింది.

"తాగన్నా. నీకు చక్కెర తక్కువే ఏసినా."

ఆయన కప్పు అందుకోలేదు. ఆమె చేతులు అలాగే ఉన్నాయి.

అబిగైల్ చదవడం మొదలుపెట్టింది.